పెండ్లిచీరా, కన్యాశుల్కమూ

మాఘమాసం వచ్చినదంటే చీరల అంగళ్లు కళకళలాడుతాయి. పెండ్లి నిశ్చయమైన కన్య ముందు ధర్మవరం, పోచంపల్లి, ఉప్పాడ, గద్వాల చీరలు గుట్టలుగా పేరుస్తారు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచునా కొంగునా పట్టు. ఆ రెండింటినీ కలిపి నేయడంలోనే నేతగాని నేర్పు ఉన్నది. అంగడికి పోకుండా ఫోనులోనే నూరు రకాలు చూచే సౌకర్యమూ నేడు కలదు. ఎన్ని చూచినా, పెక్కు తెలుగిండ్లలో పెండ్లిపీటలపై ఆమె కట్టేది ఎర్రంచు తెల్లని మధుపర్కమే.

ఈ సందడిలో తీరిక చేసికొని ఆమె గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ చదివినదనుకొందాం. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో కొత్తరూపు దాల్చిన నాటకమది. అందులో కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి, వృద్ధుడైన లుబ్ధావధాన్లుకు అమ్ముతాడు. రూకలు కుదిరినవి, పెండ్లి జరిగినది. ఆ చీరలో ఉన్నదెవరో వరునికి తెలియనే తెలియదు. ఎవరు చదివినా నవ్వు వస్తుంది. కాని పెండ్లికూతురు కాబోయే పిల్లకు ఆ నవ్వు సగంలోనే ఆగుతుంది.

ఏలనగా శుల్కం పోయి కట్నం వచ్చినది. 1961లో వరకట్న నిషేధ చట్టం చేసినా బేరం ఆగలేదు. చీర రంగు నీ ఇష్టమే తల్లీ అనే పెద్దలు, వరుని విషయంలో, ఇచ్చిపుచ్చుకోవడాల విషయంలో ఆమె ఇష్టాన్ని అంత ఓపికగా అడుగుతున్నారా? నచ్చని చీరను అంగడివాడు మార్చి ఇస్తాడు. సంబంధం అట్లా మారేది కాదు.

ఈ నాటకం బోధించే ఉపాధ్యాయులు ఆ పెండ్లి ఘట్టం వద్ద ఒక్క క్షణం ఆగి, ఆడపిల్లలచేత మాట్లాడించడం మేలు. వారు చెప్పేది మగపిల్లలూ వినవలె.