బ్యాటరీ అద్దె ఎవరికి లాభం?

అనంతపురం: విద్యుత్ కార్ల గిరాకీకి ప్రధానమైన అడ్డంకి తొలి ధర. ఉమ్మడి అనంతపురం జిల్లా పెనుకొండ వద్ద కియా కర్మాగారంలో తయారై, 2025 జులైలో విడుదలైన కారెన్స్ క్లావిస్ విద్యుత్ కారు ప్రారంభ ధర రూ. 17.99 లక్షలు. వానను, వేరుశనగను నమ్ముకున్న సీమలో అంత సొమ్ము ఒక్కసారిగా పెట్టగలవారు కొద్దిమందే.

దీనికి విరుగుడుగా బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి వచ్చింది. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ కారు విడుదలైనప్పుడు బ్యాటరీ లేకుండా ప్రారంభ ధర రూ. 9.99 లక్షలు, అద్దె కి.మీ.కు రూ. 3.50. బ్యాటరీతో సహా కొంటే రూ. 13.50 లక్షలు.

తేడా సుమారు రూ. 3.50 లక్షలు. వడ్డీ మాట అటుంచితే, లక్ష కి.మీ. తిరిగేసరికి అద్దె ఈ తేడాతో సమానమవుతుంది. ఆపైన కట్టేదంతా అదనమే. ఛార్జింగు ఖర్చు రెండు పద్ధతుల్లోనూ ఒకటే.

బెంగళూరు బాడుగలకు రోజుకు 200 కి.మీ. తిరిగే టాక్సీ 500 రోజుల్లోనే లక్ష కి.మీ. దాటుతుంది. దాని యజమానికి బ్యాటరీతో సహా కొనడమే మేలు. ఊళ్లో రోజుకు 20 కి.మీ. తిరిగే కుటుంబానికి లక్ష కి.మీ. కావడానికి 13 ఏళ్లు దాటుతుంది. వారికి అద్దె కలిసివస్తుంది.

అయితే ఒప్పందంలోని కనీస అద్దె షరతు చూసుకోవాలి. నెలకు కనీసం 1,500 కి.మీ. అని వుంటే, 600 కి.మీ. తిరిగినా రూ. 5,250 కట్టవలసిందే. ఆ లెక్కన తేడా మొత్తం అయిదున్నరేళ్లలోనే చెల్లిపోతుంది.