ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: రూపకర్తలకు ఆదాయ మార్గాలు

కార్యాలయాల సర్వర్ల నుంచి ఆండ్రాయిడ్ మొబైల్ ఫోన్ల వరకు వినియోగంలో ఉన్న లినక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా రుసుము లేకుండా పొందవచ్చు. దాని సోర్స్ కోడ్‌ను పరిశీలించి, అవసరానికి తగినట్లు మార్చుకుని, లైసెన్సు నిబంధనలకు లోబడి ఇతరులకు అందజేయవచ్చు. అటువంటప్పుడు దానిని రూపొందించిన వారికి ఆదాయం ఎలా లభిస్తుందన్న సందేహం సహజం.

స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు

ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒకే మాట రెండు అర్థాలనూ సూచించడం వల్ల ఈ అయోమయం ఏర్పడింది. తెలుగులో స్వేచ్ఛ, ఉచితం అనేవి వేర్వేరు పదాలు. ఓపెన్ సోర్స్ లైసెన్సులు వినియోగదారునికి స్వేచ్ఛనిస్తాయి, విక్రయాన్ని నిషేధించవు. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, 1985లో తమ ఈమాక్స్ సాఫ్ట్‌వేర్ టేపులను 150 డాలర్ల చొప్పున విక్రయించారు.

ఆదాయ మార్గాలు

* సేవలు: 1993లో ప్రారంభమైన రెడ్ హ్యాట్ సంస్థ నిర్వహణ, భద్రతా సవరణలు, సాంకేతిక సహాయానికి వార్షిక చందా వసూలు చేసింది. 2012 ఆర్థిక సంవత్సరంలో దాని ఆదాయం 100 కోట్ల డాలర్లు దాటింది. 2019లో ఐబీఎం ఆ సంస్థను సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది.

* రెండు లైసెన్సుల విధానం: మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను ఓపెన్ సోర్స్ లైసెన్సుతో పాటు, ఆ షరతులు వద్దనుకునే సంస్థలకు వాణిజ్య లైసెన్సుతోనూ అందించారు. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ దీనిని సుమారు 100 కోట్ల డాలర్లకు సొంతం చేసుకుంది.

* వేతనాలు: లినక్స్ కెర్నెల్‌లో అధిక భాగం మార్పులు చేస్తున్నది వివిధ కంపెనీల నుంచి జీతం పొందుతున్న నిపుణులే.

అందని ప్రతిఫలం

అయితే ఈ ఆదాయం మూల రూపకర్తలందరికీ చేరడం లేదు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గోప్యంగా పంపేందుకు తోడ్పడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 2014లో 'హార్ట్‌బ్లీడ్' అనే తీవ్ర లోపం బయటపడింది. అసంఖ్యాక వెబ్‌సైట్లు ఆధారపడిన ఆ ప్రాజెక్టుకు అప్పట్లో విరాళాల రూపంలో ఏటా లభించినది సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసినది ఒక్కరే. ఈ పరిణామం తర్వాత కీలక ప్రాజెక్టులకు లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో నిధులు సమకూర్చడం ప్రారంభమైంది. జర్మనీ ప్రభుత్వం 2022లో ఇదే ఉద్దేశంతో ప్రత్యేక నిధిని నెలకొల్పింది.

కొనుగోళ్లలో గమనించవలసినవి

భారత ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానం ప్రకారం ఈ-గవర్నెన్స్ ప్రాజెక్టులలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలి. దానిని ప్రతిపాదించని సరఫరాదారులు కారణాలు తెలపాలి. సామర్థ్యం, భద్రతతో పాటు జీవితకాల వ్యయాన్ని, సాంకేతిక సహాయ అవసరాలను కూడా పోల్చి నిర్ణయం తీసుకోవాలి.

లైసెన్సు రుసుము లేనంత మాత్రాన నిర్వహణ వ్యయం లేనట్లు కాదు. టెండరు దశలోనే నిర్వహణకు, లోపాల సవరణకు తగిన కేటాయింపు ఉన్నప్పుడే నిపుణులకు ప్రతిఫలం, పౌరుల సమాచారానికి రక్షణ లభిస్తాయి.