కొండగట్టు చలికి ఒక శాలువా

పుష్యమాసంలో తెల్లవారకముందే కొండగట్టు అంజన్న దర్శనానికి వచ్చేవాళ్ళను చూడండి. మగవాళ్ళ తలలకు మఫ్లర్లు, ముసలివాళ్ళ భుజాల మీద గొంగళ్ళు. ఆడవాళ్ళకు మాత్రం ఎక్కువగా చీర కొంగే దిక్కు. ఇంకా పైకి, ఆదిలాబాద్ వైపు పోతే చలికాలంలో పది డిగ్రీల కిందికి దిగడం ఏటా ఉన్నదే. క్రోషియా సూదితో శాలువా అల్లుకోండని నేను కనబడిన ఆడబిడ్డకల్లా చెప్పేది ఈ చలి కోసమే కాదు, అల్లుతున్నంతసేపు దొరికే నిమ్మళం కోసం కూడా.

మాది గుట్ట కింద ముత్యంపేట. కుట్టుమిషన్ నా బతుకుదెరువు. పొద్దుగూకినంక వాడకట్టు ఆడవాళ్ళు వస్తారు, క్రోషియా నేర్పుతాను. మొదటి పనిగా శాలువానే పట్టిస్తాను. స్వెటర్‌కైతే ఛాతీ కొలత, చంక కొలత, మెడ కొలత కావాలి. శాలువాకు అవేవీ అక్కర్లేదు. నాలుగు వేళ్ళు పెద్దదైనా, రెండు వేళ్ళు చిన్నదైనా శాలువా శాలువానే. రెండు సూదులతో చేసే అల్లికలో సూది మీద పదుల కొద్దీ కుట్లు నిలబడి ఉంటాయి, ఒకటి జారితే కింది వరుసలదాకా విడిపోతుంది. క్రోషియాలో ఎప్పుడూ ఒక్క కుట్టే సూదికి ఉంటుంది. తప్పు పోతే దారం లాగి, విప్పి, మళ్ళీ అల్లుకోవడమే. ఊలు మాత్రం కాస్త ఎక్కువ పడుతుంది.

ఐదు మిల్లీమీటర్ల సూది, మధ్యరకం లావు ఊలు 400 గ్రాములు తెచ్చుకోండి. నాలుగు చైన్లు వేసి ఉంగరంలా కలపండి. అందులోనే మూడు ట్రెబుళ్ళ గుత్తి, రెండు చైన్లు, మళ్ళీ మూడు ట్రెబుళ్ళ గుత్తి. అది మొదటి వరుస. తిప్పి పట్టి, ఈ చివర ఒక గుత్తి, ఆ చివర ఒక గుత్తి, నడిమి సందులో రెండు చైన్ల ఎడంతో రెండు గుత్తులు వేయండి. మధ్యలో వచ్చే ప్రతి సందుకూ ఒక గుత్తి. వరుసకు రెండేసి గుత్తులు పెరుగుతూ పోయి అదే మూడు మూలల శాలువా అవుతుంది. భుజాలు కప్పేంత అయ్యాక ఆపేయండి, అంచుకు కుచ్చులు కట్టండి. ఒక జాగ్రత్త: మన దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేది చాలావరకు యాక్రిలిక్. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపాలు ముట్టించే దగ్గర అది కప్పుకుని ఉండకండి.

నాలుగైదు వరుసలు దాటాక లెక్క చూసుకునే పని ఉండదు, చేయి దానంతటదే పోతుంటుంది. ఊపిరి నెమ్మదిస్తుంది. రెండు సూదులతో అల్లే 3,545 మందిని అడిగి చేసిన సర్వే 2013లో ఒక బ్రిటన్ పత్రికలో వచ్చింది. ఎంత తరచుగా అల్లితే అంత ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామని వాళ్ళు చెప్పారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళ ముఖాల్లో నేను చూసేదీ అదే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా వైపు ఆడవాళ్ళ వేళ్ళకు ఒకే పనిని వేలసార్లు చేయడం కొత్త కాదు. పెళ్ళికి ముందు నేనూ బీడీలు చుట్టినదాన్నే. తునికాకు కత్తిరించు, తంబాకు పోయ్, చుట్టు, దారం కట్టు. చేతులు ఇంతకంటే వేగంగా ఆడేవి కానీ మనసుకు నిమ్మళం ఏదీ? వెయ్యి నిండాలి, సాయంత్రానికి కార్ఖానలో అప్పజెప్పాలి. లెక్క తలమీద కూర్చుంటే ఏ పనీ విశ్రాంతి కాదు.

క్రోషియాకు మన తెలుగునాట పుట్టిల్లు లాంటి నర్సాపురంలో అల్లిక కూడా ఇలాగే విశ్రాంతి కాని కూలిపని అయింది. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు ఆ ప్రాంతపు ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. గోదావరి డెల్టాలో ఊరూరా అరుగుల మీద అల్లిన లేసు విదేశాలకు వెళ్ళింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త వాళ్ళ మీద పుస్తకమే రాసింది. రోజూ గంటల తరబడి అల్లే ఆ ఆడవాళ్ళను పనివాళ్ళుగా కాకుండా ఇంట్లో ఖాళీగా ఉండి తీరికవేళ అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువని ఆమె తేల్చింది. బీడీ పనిలో ఎన్ని కష్టాలున్నా, ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళు కూడా కార్మికులేనని 1966 చట్టం ఒప్పుకుంది. లేసు అల్లేవాళ్ళకు ఆపాటి గుర్తింపు కూడా దక్కలేదు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ పేరుకు గుర్తింపు వచ్చినంత మాత్రాన అల్లిన చేతికి కూలి పెరగదు.

మన గొంగడి సంగతి కూడా అంతే. నల్ల గొర్రెల బొచ్చు కత్తిరించి, కురుమ ఆడవాళ్ళు వడికితే, ఆ పోగులకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నేస్తారు. వానకూ చలికీ ఆగే బట్ట అది. దాన్నీ మనం గీసిగీసి బేరమాడతాం.

అందుకే అంటున్నాను, ఈ చలికాలం ఒక్క శాలువా మీ చేతులతో అల్లండి. మీ కోసం, ఏ లెక్కా లేకుండా, నిమ్మళంగా అల్లండి. ఆ తర్వాత ఎగ్జిబిషన్‌లోనో లేపాక్షి దుకాణంలోనో నర్సాపురం లేసు కనబడితే దగ్గరికి తీసుకుని వరుసలు చూడండి. ఎన్ని గంటల పనో మీ వేళ్ళకే తెలుస్తుంది. బేరం ఆడకండి. అల్లినవాళ్ళకు ఇందులో ఎంత ముడుతుందని మాత్రం తప్పక అడగండి.