మ్యాజిక్ నేర్చుకోవాలా? పది రూపాయల బిళ్ల చాలు

మ్యాజిక్ నేర్చుకుంటానని పిల్లలు అంటే మన ఇళ్లలో మొదటి ప్రశ్న: జాదూ మనకెందుకురా? స్టేజీ మీద జరిగేది హాత్ కీ సఫాయీ. మంత్రం లేదు, జిన్నూ లేదు. ఆ మాట ప్రేక్షకులకు ముందే చెప్పేస్తే గొడవ ఉండదు. ఇంట్లో ఇంకా సందేహముంటే ఆలిమ్‌ను అడగండి.

ఆన్‌లైన్‌లో ఖరీదైన కిట్లు అప్పుడే కొనొద్దు. పది రూపాయల బిళ్ల తీసుకోండి. ఎడమ చేతి వేళ్ల కొసన పట్టుకుని, కుడి చేత్తో అందుకున్నట్టు నటిస్తూ ఎడమ అరచేతిలోకే జారనివ్వాలి. చేతుల కంటే కళ్ల పని ఎక్కువ. ఖాళీగా ఉన్న కుడి పిడికిలిని మీరు చూస్తే జనమూ అటే చూస్తారు. ఎడమ చేతి వైపు ఒక్క దొంగచూపు పడిందా, అయిపోయింది! అద్దం ముందు చేస్తే అసలు క్షణంలో మనమే రెప్ప వేసేస్తాం, తప్పు కనబడదు. ఫోన్‌లో వీడియో తీసి చూసుకోండి. వన్స్‌మోర్ అన్నా అదే ట్రిక్ మళ్లీ చేయొద్దు. రెండోసారి అందరి చూపూ చేతి మీదే ఉంటుంది.

నిప్పు, బ్లేడ్లు, నీళ్ల జోలికి అసలు పోవద్దు. 2019 జూన్‌లో కోల్‌కతా మెజీషియన్ చంచల్ లాహిరి గొలుసులతో కట్టించుకుని హుగ్లీ నదిలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆయన అనుభవం లేని మనిషేం కాదు.

మొదటి షోలు చుట్టాల పిల్లల ముందు ఫ్రీగా చేయొచ్చు. బయటి బర్త్‌డే పార్టీ అయితే ఆటో ఛార్జీ, సామాన్ల ఖర్చు రాసుకుని రేటు చెప్పండి, సగం అడ్వాన్స్ తీసుకోండి. "పేరొస్తుంది, ఊరికే చేయి బేటా" అనేవాళ్లు కేక్‌కు మాత్రం డబ్బు కట్టే తెస్తారు.