కొత్త కిడ్నీకి ముప్పు... జన్యువులు ముందే చెబుతాయా?

కిడ్నీ మార్పిడి చేయించుకుని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ఊళ్లకు చేరినవారు తరచూ అడిగే మాట: ‘క్రియాటినిన్ బాగానే ఉంది కదా, ఇంకేం భయం?’ భయపడక్కర్లేదు. కానీ రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికే కొత్త కిడ్నీకి కొంత నష్టం జరిగిపోయి ఉండొచ్చు. అంతకంటే ముందే పసిగట్టేందుకు శాస్త్రవేత్తలు జన్యువుల వైపు చూస్తున్నారు.

ఏమిటీ పరీక్ష?

మన రోగనిరోధక కణాలు కొత్త కిడ్నీని పరాయిదిగా భావించి దాడికి దిగితే, కొన్ని జన్యువుల పని జోరందుకుంటుంది. అప్పుడు తయారయ్యే ఆర్‌ఎన్‌ఏను కొలిస్తే దాడి జాడ దొరుకుతుంది. అమెరికాలో 485 మంది నుంచి సేకరించిన 4,300 మూత్ర నమూనాలను ఇలాగే పరీక్షించారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం, బయాప్సీలో తిరస్కరణ బయటపడటానికి దాదాపు 20 రోజుల ముందు నుంచే ఈ ఆర్‌ఎన్‌ఏ గుర్తులు పెరిగాయి. 2016లో మరో బృందం, మార్పిడైన 3 నెలలకు తీసిన కిడ్నీ ముక్కలో 13 జన్యువుల తీరును బట్టి, ఏడాదికల్లా కిడ్నీ గట్టిపడే ముప్పు ఎవరికో అంచనా వేసింది.

బయాప్సీ అక్కర్లేదా?

కావాలి. తిరస్కరణలోనూ, బీకే వైరస్ ఇన్‌ఫెక్షన్‌లోనూ జన్యువుల తీరు చాలావరకు ఒకేలా కనిపించొచ్చు. చికిత్స మాత్రం పూర్తిగా వేరు. మొదటిదానికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు పెంచాలి, రెండోదానికి తగ్గించాలి. పైగా ఈ పరీక్షలు మన దగ్గర ఇంకా మామూలు వాడకంలోకి రాలేదు.

మీ చేతిలో ఉన్నవి

* టాక్రోలిమస్ మాత్రలు రోజూ ఒకే వేళకు వేసుకోండి. బాగున్నామని మానేయొద్దు. ఆరోగ్యశ్రీ కింద ఈ మందులు ఉచితంగా అందుతాయి.
* పనుల కోసం ముంబయి, పుణె వలస వెళ్తుంటే సరిపడా మాత్రలు వెంట తీసుకెళ్లండి.
* ఆర్‌ఎంపీ ఇచ్చినా సరే, నొప్పి మాత్రలు వాడొద్దు. టీబీ మందు రిఫాంపిసిన్ టాక్రోలిమస్ మోతాదును పడగొడుతుంది. క్లారిత్రోమైసిన్ పెంచేస్తుంది. కొత్త మందేదైనా మీ నెఫ్రాలజిస్టును అడిగాకే వాడాలి.
* ఎండాకాలంలో వాంతులు, విరేచనాలైతే ఆలస్యం చేయొద్దు. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీ దెబ్బతింటుంది.
* జ్వరం, కాళ్ల వాపు, మూత్రం తగ్గడం, మార్పిడి చేసినచోట నొప్పి... ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి రండి.

హైదరాబాద్ దూరమని నెలవారీ పరీక్షలు వాయిదా వేయొద్దు. క్రియాటినిన్, టాక్రోలిమస్ స్థాయి, మూత్ర పరీక్ష... ప్రస్తుతానికి ముప్పును ముందుగా చెప్పే పరీక్షలు మీకు ఇవే.