బ్లేడు మారిస్తే సరిపోతుందా?

తిరుమల కల్యాణకట్టలో టోకెనుతో పాటు బ్లేడు కూడా చేతికిస్తారు. పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు ‘కొత్త బ్లేడేనా స్వామీ?’ అని ఒకటికి రెండుసార్లు అడిగిగానీ కూర్చోబెట్టం. ఊళ్లో సెలూన్‌కు వెళ్లినా అంతే. మంచిదే, అడగాల్సిందే. కానీ హెచ్‌ఐవీ విషయంలో మన జాగ్రత్త చాలావరకు ఆ బ్లేడు దగ్గరే ఆగిపోతోంది. అసలు ప్రమాదం ఉన్నచోట మాత్రం నోరు పెగలదు. కండోమ్ కొనాలంటే తెలిసిన మందుల షాపు దాటి పక్క వీధికి పోతాం. పరీక్ష కోసం ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్లి, ‘ఎవరైనా చూస్తే?’ అనుకుని వెనక్కి తిరుగుతాం.

భయం ఎక్కడ ఉండాలి?

హెచ్‌ఐవీ శరీరం బయట ఎక్కువసేపు బతకలేదు. రక్తం ఆరిపోయేకొద్దీ వైరస్ శక్తి కోల్పోతుంది. బ్లేడు గాట్లతో హెచ్‌ఐవీ కన్నా హెపటైటిస్-బి సోకే భయమే ఎక్కువ. అందుకని కొత్త బ్లేడు వాడటం ఎప్పుడూ మంచిదే.

వైరస్ ప్రధానంగా వ్యాపించేది కండోమ్ లేని లైంగిక సంబంధాల ద్వారా. స్త్రీ పురుషుల మధ్యైనా, పురుషుల మధ్యైనా ఇదే వర్తిస్తుంది. మర్మాంగాల దగ్గర పుండ్లు, స్రావాలు వంటి సుఖవ్యాధి లక్షణాలుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఒకరు వాడిన సూదిని మరొకరు వాడటం, పరీక్షించని రక్తం ఎక్కించుకోవడం, తల్లి నుంచి బిడ్డకు సోకడం మిగతా మార్గాలు.

తిరుమల క్యూలో ఒకరినొకరు ఒరుసుకుని నిలబడ్డా, పుష్కరిణిలో కలిసి మునిగినా, అన్నప్రసాదం పక్కపక్కన కూర్చుని తిన్నా రాదు. దోమ కుట్టినా, దగ్గినా, ఒకే గ్లాసులో నీళ్లు తాగినా రాదు.

మనిషిని చూసి చెప్పలేం

సోకిన కొత్తలో కొందరికి జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు వచ్చి తగ్గిపోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ బాధా ఉండకపోవచ్చు. ‘మనిషి బాగానే ఉన్నాడు కదా’ అనే నమ్మకమే కొంప ముంచుతుంది. ఏ తప్పూ తెలియని ఇల్లాలికి, గర్భిణిగా రక్త పరీక్ష చేయించుకున్నప్పుడే విషయం బయటపడే సందర్భాలున్నాయి. తెలియడానికి పరీక్ష ఒక్కటే దారి.

వేలూరుకు వెళ్లనక్కర్లేదు

మన దేశంలో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడింది 1986లో. డాక్టర్ సునీతి సోలమన్ పర్యవేక్షణలో నిర్మల అనే వైద్య విద్యార్థిని చెన్నైలో రక్త నమూనాలు సేకరించారు. వాటిని పరీక్షించింది మన చిత్తూరు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీలో. అప్పట్లో ఈ పరీక్షకు అంత దూరం వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు తిరుపతి రుయా, ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి, చిత్తూరు జిల్లా ఆస్పత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. వివరాలు గోప్యంగా ఉంచుతారు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. పొరపాటు జరిగిన మర్నాడే పరీక్ష చేయిస్తే ఫలితం నెగెటివ్ అనే వస్తుంది. వైరస్ సోకినా పరీక్షలో కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి.

72 గంటలు దాటనివ్వద్దు

కండోమ్ చిరిగినా, అత్యాచారానికి గురైనా, వాడిన సూది గుచ్చుకున్నా వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. సోకకుండా అడ్డుకునే మందులున్నాయి. 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. 28 రోజులు మానకుండా వాడాలి.

పాజిటివ్ అని తేలితే?

కాళ్ల కింద భూమి కదిలినట్టే ఉంటుంది. కానీ ఇది ఒకప్పటి జబ్బు కాదు. ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. వైరస్‌ను అణిచిపెట్టే మూడు మందులు కలిసిన ఒక్క మాత్ర రోజూ వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. త్వరగా మొదలుపెట్టి క్రమం తప్పకుండా వాడేవారు అందరిలాగే పని చేసుకుంటూ నిండు జీవితం గడపొచ్చు. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే కొనసాగితే, లైంగికంగా భాగస్వామికి సోకదు.

గర్భిణికి మందులివ్వకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. తల్లికి సమయానికి చికిత్స, పుట్టిన బిడ్డకు మందు అందితే అది 5 శాతం లోపుకు తగ్గుతుంది. అందుకే గర్భం నిర్ధారణ అయిన తొలి నెలల్లోనే ఈ పరీక్ష చేయించుకోవాలి.

ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరుగెత్తే ప్రాంతం మనది. నాటు వైద్యం మీద ఆ నమ్మకంతో ‘ఈ పసరు తాగితే హెచ్‌ఐవీ పూర్తిగా పోతుంది’ అనేవారి మాట విని మాత్రలు ఆపొద్దు. ఆపితే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది, మందులకూ లొంగకుండా పోవచ్చు.

చట్టం మీ పక్షాన ఉంది

2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయడం, బడిలో చేర్చుకోకపోవడం, వైద్యం నిరాకరించడం నేరుగా చట్ట విరుద్ధం. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు.

సందేహం అడగడానికి మొహమాటంగా ఉంటే 1097కి ఫోన్ చేయండి. ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు. ఈసారి సెలూన్లో ‘కొత్త బ్లేడు వేశావా?’ అని అడిగేటప్పుడు, ‘నేను పరీక్ష చేయించుకున్నానా?’ అని మిమ్మల్ని మీరు కూడా అడిగి చూడండి.