గడ్డం కింద వాపుకి లేజర్ వెలుగు

మెడలో క్యాన్సర్ గడ్డ తీసేశారు. రేడియేషనూ పూర్తయింది. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్న కొన్ని నెలలకి గడ్డం కింద మెత్తగా వాపు మొదలవుతుంది. పొద్దున లేవగానే ఎక్కువ, మధ్యాహ్నానికి కాస్త తగ్గు. చొక్కా పైగుండీ పట్టదు. వాపు గొంతు లోపల కూడా ఉంటే ముద్ద దిగదు, మాట బొంగురుపోతుంది.

మన ఒంట్లోని లింఫ్ గ్రంథుల్లో దాదాపు మూడో వంతు తల, మెడ భాగంలోనే ఉన్నాయి. ఆపరేషన్‌లో వాటిని తీసేసినా, రేడియేషన్‌కి నాళాలు దెబ్బతిన్నా అక్కడి నీరు పోయే దారి మూసుకుపోతుంది. నీరు నిలిచిన చోట కండ క్రమంగా గట్టిపడుతుంది. దీన్నే లింఫెడీమా అంటారు.

ఈ వాపుకి వాడి చూస్తున్న లేజర్ వైద్యం కథ బుడాపెస్ట్‌లో మొదలైంది. 1960లో మైమన్ అనే శాస్త్రవేత్త తొలి రూబీ లేజర్ వెలిగించాడు. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే సర్జన్, ఆ కాంతికి క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని ఎలుకల వీపులు గొరిగి, కొన్నింటి మీద బలహీనమైన రూబీ లేజర్ కాంతి వేశాడు. వాటికి క్యాన్సర్ రాలేదు సరికదా, వెంట్రుకలు మిగతావాటికంటే తొందరగా మొలిచాయి. మానని పుళ్ల మీదా ఆయన ఈ కాంతినే ప్రయోగించాడు. కారణం చాలా ఏళ్లకి గానీ అంతుపట్టలేదు. కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ కాంతిని పీల్చుకుంటుందనీ, దాంతో కణానికి శక్తి పెరుగుతుందనీ రష్యాలో పనిచేసిన టీనా కారు అనే శాస్త్రవేత్త చెప్పింది. ఇందులో ఇంకా తేలవలసినవి ఉన్నా, ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ ఇదే.

వాపు మీద గట్టి పరీక్ష ఆస్ట్రేలియాలో, రొమ్ము క్యాన్సర్ తర్వాత చెయ్యి వాచిన స్త్రీల మీద జరిగింది. అందులో వాడిన 904 నానోమీటర్ల కాంతి కంటికి కనపడదు. చేతిలో ఇమిడే పరికరం కొసను చర్మానికి ఆనించి చంకలో ఒక్కోచోట నిమిషం ఉంచుతారు. వేడి తెలియదు, నొప్పి ఉండదు. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం, రెండు విడతలు తీసుకున్నవారిలో దాదాపు మూడో వంతు మందికి రెండు మూడు నెలల తర్వాత వాపు చెప్పుకోదగ్గంత తగ్గింది. మిగతా రెండొంతుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

తల, మెడ రోగుల్లో ఈ కాంతికి గట్టి ఆధారం నోటిపూత విషయంలో ఉంది. రేడియేషన్ వల్ల వచ్చే పుళ్లని ఇది తగ్గిస్తుందని మణిపాల్‌లో చేసిన పరిశోధన 2006లోనే చూపింది. మెడ వాపు మీద మాత్రం ఇప్పటిదాకా జరిగినవి చిన్న అధ్యయనాలే. ఆశ కలిగించేవే, కానీ చాలవు. అందుకే చేత్తో చేసే లింఫ్ మర్దన, కంప్రెషన్ పట్టీ, మెడ వ్యాయామాలే ఇవాళ్టికీ అసలు వైద్యం. కాంతి వాటికి తోడు మాత్రమే.

గుట్కా, చుట్ట వల్ల నోటి క్యాన్సర్లు ఇన్ని ఉన్న మన ప్రాంతంలో ఈ వాపుతో బతికేవాళ్లు తక్కువేం కాదు. ప్రాణం దక్కింది కదా, ఇదెంత అని ఓర్చుకోకండి. గట్టిపడకముందే డాక్టరుకి చూపించండి, ఫిజియోథెరపీకి పంపమని అడగండి. ఆన్‌లైన్‌లో దొరికే ఎర్రలైట్లు కొని మెడకి పెట్టుకోవద్దు. క్యాన్సర్ తిరిగి రాలేదని డాక్టరు నిర్ధారించాకే అక్కడ కాంతి వెయ్యాలి.